డైట్ బాక్స్ తెప్పించుకోవాలా.. ఇంట్లోనే వండుకోవాలా? బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూడండి

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఓ యాడ్ వస్తుంది. నల్ల ప్లాస్టిక్ బాక్స్‌లో మూడు గదులు. ఒకదాంట్లో కాస్త బ్రౌన్ రైస్, ఇంకోదాంట్లో నాలుగు పనీర్ ముక్కలు, మూడోదాంట్లో కీరా, క్యారెట్. కింద '420 కేలరీలు' అని ఓ అంకె. పక్కనే సబ్‌స్క్రిప్షన్ బటన్. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకీ ఇదే యాడ్, శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్లకీ ఇదే యాడ్.

ఇంతకీ ఆ బాక్స్ తింటే నిజంగా బరువు తగ్గుతారా? ఇంట్లో వండుకుంటే తగ్గలేమా? అన్నం మానేసి రాగి సంగటి మొదలుపెడితే చాలదా? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఉంది. కాకపోతే అది యాడ్‌లో చెప్పినంత సింపుల్‌గా లేదు.

కొత్తచెరువు ఎందుకంటారా? పుట్టపర్తి వెళ్లేవాళ్లు దిగే శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ ఉన్నది ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చేదాకా ఇది అనంతపురం జిల్లాలో మండల కేంద్రం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వర్షం పడితే సరిపెట్టుకునే కరువు నేల. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పని కోసం బెంగళూరు వెళ్లేవాళ్లు ఎందరో. రూమ్‌లో ఉంటూ బాక్స్ తెప్పించుకునే కుర్రాడూ ఈ ఇంటివాడే, పొద్దున్నే సంగటి కెలికే అమ్మా ఈ ఇంటిదే. డైట్ బాక్స్, ఇంటి వంట రెండూ ఒకే కుటుంబంలో ఎదురుపడేది ఇలాంటి చోటే.

కరువు సీమలో లావు సమస్యా? అని కొట్టిపారేయకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. మగవాళ్లలో ఇది 31.1 శాతం. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో 24 శాతమే. అంటే మనం దేశ సగటు కంటే చాలా ముందున్నాం. అదే సర్వేలో రాష్ట్ర మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు కూడా తేలింది. ఒంట్లో కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అందుకే 'తిండి తగ్గించేస్తే సరి' అన్న సలహా ఇక్కడ పనికిరాదు.

బాక్స్‌తో తగ్గడానికి అసలు కారణం

బాక్స్ తిన్నవాళ్లలో కొందరు నిజంగానే తగ్గుతారు. బ్రౌన్ రైస్‌లో మహిమ ఏమీ లేదు. మారు వడ్డన ఉండదు, అంతే. గిన్నె పక్కన ఉండదు, 'ఇంకొంచెం వేసుకో నాయనా' అనే అమ్మ ఉండదు. బాక్స్ ఖాళీ అయితే భోజనం అయిపోయినట్టే.

మనం ఎంత తింటున్నామో మనకు తెలుసని అనుకుంటాం. తెలియదు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ అధ్యయనం వచ్చింది. 'మేం రోజుకు 1,200 కేలరీల లోపే తింటున్నాం, అయినా బరువు తగ్గట్లేదు' అని చెప్పిన పది మందిని పరిశోధకులు పరీక్షించారు. తీరా కొలిస్తే వాళ్లు తిన్నదాంట్లో సగటున 47 శాతం లెక్కలోకే రాలేదు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. వంట చేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, పిల్లాడు వదిలేసిన సగం దోసె, సాయంత్రం టీతో పాటు రెండు బిస్కెట్లు.. ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

కొలిచి ఇచ్చిన తిండి ఎంత గట్టిగా పనిచేస్తుందో బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' ట్రయల్ చూపించింది. 2017లో ఫలితాలు వచ్చాయి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు మూడు నుంచి ఐదు నెలల పాటు మామూలు భోజనం ఆపేసి, రోజుకు సుమారు 850 కేలరీల షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. ఇదంతా డాక్టర్లు, నర్సుల పర్యవేక్షణలో. ఏడాది తర్వాత చూస్తే సగటున 10 కిలోలు తగ్గారు. 46 శాతం మందికి షుగర్ మందులు లేకుండానే అదుపులోకి వచ్చింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే అది యాడ్ అవుతుంది. రెండో ఏడాది చివర కూడా కొలిచారు. 10 కిలోల తగ్గుదల 7.6 కిలోలకు వచ్చింది. షుగర్ అదుపులో ఉన్నవాళ్లు 36 శాతానికి తగ్గారు. ప్యాకెట్లు ఆగి మామూలు తిండికి వచ్చాక, నర్సుల సాయం ఉన్నా కూడా కొంత బరువు వెనక్కి వచ్చేసిందన్నమాట. మరి మన కుర్రాడి సంగతి? అతని వెనక ఏ నర్సూ లేదు. సబ్‌స్క్రిప్షన్ అయిపోతుంది, సంక్రాంతికి ఊరికొస్తాడు, పది రోజులుంటాడు. ఎంత తినాలో అతను నేర్చుకున్నది లేదు. ఆ పని అప్పటిదాకా బాక్స్ చేసిపెట్టింది.

డబ్బు లెక్క

బాక్స్ ధరలు ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. ఒక పూటకు 150 రూపాయలే అనుకుందాం. రెండు పూటలకు నెలకు 9,000. అదీ ఒక్క మనిషికి. ఇంట్లో మిగతా ముగ్గురి వంట ఎలాగూ ఆగదు. ఇంటికి పెద్ద ఖర్చయ్యేది ఇక్కడే. పైగా ఒకరు బాక్స్ తింటూ మిగతావాళ్లు పక్కనే చిత్రాన్నం, వడియాలు తింటుంటే ఆ డైట్ ఎన్నాళ్లు నిలబడుతుందో మీరే ఊహించుకోండి.

అసలు ఈ సర్వీసులు నడిచేది ప్రధానంగా బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో. చిన్న ఊళ్లలో ఇంటికొచ్చే తిండి అంటే మనకు తెలిసింది కర్రీ పాయింట్. ఇంట్లో అన్నం వండుకుని, కూర, పప్పు, చారు కవర్లలో తెచ్చుకోవడం. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో దీన్ని తప్పుపట్టలేం. కానీ బరువు తగ్గాలనుకునేవాళ్లకు మాత్రం ఇది రెండు విధాలా నష్టం. బాక్స్‌లో ఉన్న కొలత ఇందులో లేదు, ఇంటి వంటలో ఉన్న నూనె మీద పట్టూ లేదు. కూర మెరవాలి, సాయంత్రం దాకా పాడవకూడదు అంటే నూనె, ఉప్పు దండిగా పడాల్సిందే. ఆ కూర ఘాటుకు అన్నం కూడా ఎక్కువ లాగుతుంది.

బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే అంటే రాయలసీమలో ఇంతకంటే మంచి దారి ఉంది. జొన్న రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. రొట్టెకు నూనె అక్కర్లేదు, లెక్కపెట్టి కొంటాం, లెక్కపెట్టి తింటాం. ఒక్కో రొట్టెకు 50 గ్రాముల పిండి అనుకుంటే సుమారు 170 కేలరీలు. మూడు గదుల బాక్స్ చేసే పనే ఇదీ చేస్తుంది, యాడ్ లేదంతే. దాంతో పాటు ఏదైనా ఆకుకూర పప్పు ఇంట్లో చేసుకుంటే భోజనం అయిపోయినట్టే.

సంగటి తింటే తగ్గుతారా?

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 355 కేలరీలుంటాయి. 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 320. తేడా అంతే! అన్నం మానేసి సంగటికి మారినంత మాత్రాన కిలోలు రాలిపోవు. పైగా మన సంగటిలో బియ్యమో నూకలో కలుస్తాయి కదా. షుగర్ ఉన్నవాళ్లు 'రాగే కదా' అని రెండు ముద్దలు లాగిస్తే షుగర్ పెరుగుతుంది.

మరి రాగి గొప్ప ఏంటి? పీచు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అందుకే సంగటి తిన్న కడుపు త్వరగా ఆకలనదు. ఆ లాభం దక్కాలంటే ముద్ద సైజు మారాలి.

ఈ ముద్ద సైజు వెనక ఓ కథ ఉంది. మన తాతల కాలంలో తెల్లవారకముందే సంగటి తిని చేనికి పోయేవాళ్లు. మధ్యాహ్నం దాకా గుంటక తోలడం, కలుపు తీయడం, శెనక్కాయలు పీకడం. ఆ కష్టానికి సరిపోయేలా కట్టిన ముద్ద అది. ఆ తర్వాత కొర్ర, సజ్జ, రాగి చేలు తగ్గి శెనక్కాయ నిండింది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం వచ్చాక పండగ రోజు మాత్రమే చూసే వరి అన్నం రోజూ పళ్లెంలోకి వచ్చింది. పేదవాడి ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. కానీ పని మారింది. ట్రాక్టర్ వచ్చింది, బైక్ వచ్చింది, కొట్లో కుర్చీ వచ్చింది, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ వచ్చింది. ముద్ద మాత్రం అదే సైజులో ఉండిపోయింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు కావాల్సిన మనిషికి పళ్లెం ఎలా ఉండాలో అందులో గ్రాముల్లో చెప్పింది. బియ్యం, గోధుమ, రాగి, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్డు, మాంసం లాంటివి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పండ్లు 100 గ్రాములు, గింజలు 35, నూనె 27.

రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న గ్లాసు ఉంటుంది చూశారా, దాంట్లో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. అంటే రోజు మొత్తానికి, పొద్దున ఇడ్లీ పిండిలో పోసిన బియ్యంతో సహా, మనిషికి గ్లాసున్నర పైన కాస్త. బరువు తగ్గాలంటే అంతకన్నా తక్కువ. రేషన్‌లో వచ్చే మనిషికి నెలకు 5 కిలోల బియ్యాన్ని రోజులకు పంచితే 167 గ్రాములు. ఆ పైన మీ ఇంట్లో ఎంత బియ్యం కొంటున్నారో చూస్తే మిగతా కథ మీకే తెలిసిపోతుంది.

85 గ్రాముల పప్పులు అంటే ఖర్చు కదా అనొచ్చు. నిజమే. రేషన్‌లో బియ్యం వచ్చినంత సులువుగా పప్పు రాదు. అందుకే పళ్లెంలో అన్నం కొండలా, పప్పు చెరువులా ఉంటుంది.. అదీ నీళ్లే ఎక్కువున్న చెరువు. ఇక్కడ ఉలవలు గుర్తుచేసుకోవాలి. ఎద్దులకు పెట్టే గింజ అని చిన్నచూపు చూస్తాం గానీ 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. చారు కాచి నీళ్లు తాగడం కంటే గుగ్గిళ్లు చేసుకుంటే గింజ మొత్తం లోపలికి పోతుంది. అలసందలు, పెసలు కూడా అంతే. కొత్తచెరువుకు పొరుగున చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. అక్కడి రైతులు కొర్రలు, ఇతర చిరుధాన్యాలు మళ్లీ పండించి సహకార సంఘం ద్వారా అమ్ముతున్నారు. నగరం బాక్స్‌లో 'సూపర్ ఫుడ్' పేరుతో వచ్చేది ఇక్కడ చేలోనే ఉంది.

వండే మనిషి ఏం తింటోంది?

ఇంటి వంటే మంచిదని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 9,000 మందికి పైగా పెద్దల వివరాలు చూశారు. రాత్రి భోజనం వారంలో ఆరేడు రోజులు ఇంట్లోనే వండుకునేవాళ్లు, అరుదుగా వండుకునేవాళ్ల కంటే రోజుకు సగటున 130కి పైగా కేలరీలు తక్కువ తింటున్నారని 2014లో తేల్చారు. కానీ అమెరికా ఇంటి వంట వేరు, మన ఇంటి వంట వేరు. మన దగ్గర మూడు పూటలా ఇంట్లోనే తింటూ లావైపోతున్నవాళ్లు బోలెడు మంది.

వాళ్లలో ఎక్కువమంది ఆ వంట చేసేవాళ్లే. మామకు ఉప్పు తక్కువ, భర్తకు కారం ఎక్కువ, పిల్లలకు వేపుడు. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చుంటుంది. అప్పటికి కూర గిన్నె అడుగున ముక్కలుండవు, నూనె ఉంటుంది. అన్నం మాత్రం మిగిలి ఉంటుంది. 'పారేయడం ఎందుకు' అని అదీ తనే తింటుంది. ప్రొటీన్ తక్కువ, అన్నం ఎక్కువ. పైన చెప్పిన సర్వేలో ఊబకాయం, రక్తహీనత రెండూ ఆడవాళ్ల దగ్గరే కలవడం మీద మీకు ఆశ్చర్యం ఉంటే, ఈ పళ్లెం ఒకసారి చూడండి. 'ఇంట్లో వండుకో, తగ్గుతావు' అని ఆమెకు చెప్పడం కంటే, వండగానే ఆమె వాటా కూర, పప్పు ముందే ఓ గిన్నెలో తీసి పక్కన పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పడం మేలు. డైట్ బాక్స్ చేసేది కూడా ఇదే కదా! స్టీల్ టిఫిన్ క్యారియర్‌తోనూ అయిపోతుంది.

బాక్స్ అసలు వద్దా?

అలా అనట్లేదు. బెంగళూరు రూమ్‌లో స్టవ్ లేనివాడికి, నైట్ షిఫ్ట్ చేసేవాడికి బిర్యానీ ప్యాకెట్ కంటే డైట్ బాక్స్ నయం. ఒక నెల తెప్పించుకోండి, కానీ మూత తీసి తినేయకుండా వారం రోజులు ఓ పని చేయండి. బాక్స్‌లోది మీ ఇంటి పళ్లెంలోకి మార్చుకుని, అన్నం ఎంత ఉంది, కూర ఎంత ఉంది అని చూడండి. కూరగాయలు అన్నం కంటే ఎక్కువ ఉన్నాయా? గుడ్డో పప్పో పనీరో ఉందా? ఆ లెక్క కంటికి అలవాటైతే మీరు కట్టిన డబ్బు వసూలైనట్టే.

కొనేముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబర్ ఉందో లేదో చూడాలి. ఇంట్లో వండి అమ్మేవాళ్లకైనా ఇది తప్పనిసరి. కేలరీల అంకెను మాత్రం గుడ్డిగా నమ్మకండి. 2020 నాటి నిబంధనల ప్రకారం మెనూలో కేలరీలు చూపించాల్సింది సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లు, లేదా 10 అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు. చిన్న వంటింటి నుంచి వచ్చే బాక్స్ మీది '420' ఎవరు లెక్కగట్టారో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన విషయం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి తిండి సగానికి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ముందు డాక్టర్‌తో మాట్లాడి మందు డోస్ సరిచేయించుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు హై ప్రొటీన్ బాక్స్‌ల జోలికి డాక్టర్‌ను అడగకుండా పోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే డైట్లు చేయకూడదు. మిగతావాళ్లకైనా వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని, రోజుకు 1,000 కేలరీల కంటే తక్కువకు దిగొద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. 'పది రోజుల్లో పది కిలోలు' అన్న వీడియో కనిపిస్తే స్క్రోల్ చేసేయండి.

తగ్గుతున్నామో లేదో తెలియడానికి మెషిన్ అక్కర్లేదు. టైలర్ టేపు చాలు. బొడ్డు దగ్గర చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు చేరినట్టే.

ముందు నూనె ప్యాకెట్‌తో మొదలుపెట్టండి

అన్నీ ఒకేసారి మార్చలేం. ఒక్కటే మార్చాలంటే మాత్రం నూనె. గ్రాము నూనెలో 9 కేలరీలు, గ్రాము బియ్యంలో మూడున్నర. పొద్దున్నే ఉగ్గాని తింటే పర్లేదు, బొరుగులు తేలికే. పక్కన వచ్చే మిరపకాయ బజ్జీలే అసలు బరువు. శెనక్కాయల ఊరుబిండి మంచిదే గానీ 30 గ్రాముల గింజల్లోనే 160కి పైగా కేలరీలుంటాయి. సంగటికి చెంచాడు చాలు, గరిటెడు కాదు. 2025 ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ కూడా వంటనూనె 10 శాతం తగ్గించమని కోరింది అందుకే.

నలుగురున్న ఇల్లు అనుకుందాం. మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకు సుమారు 3,240 గ్రాములు. లీటర్ ప్యాకెట్‌లో దాదాపు 910 గ్రాములుంటుంది కాబట్టి మూడున్నర ప్యాకెట్లు. మీ ఇంట్లో నెలకు ఆరు అవుతున్నాయా? అయితే ఒక్కొక్కరు రోజుకు 165 కేలరీలు అదనంగా నూనె రూపంలోనే తింటున్నారు. దాదాపు ఒక జొన్న రొట్టె ఎక్కువ తిన్నట్టు.

ఈసారి కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నలుగురికి అది ఎనిమిది రోజులు రావాలి. ఐదో రోజుకే ఖాళీ అయితే పోపు గరిటె తీసేసి అందులో టీ స్పూన్ పెట్టండి. కూర రుచి రెండు మూడు రోజులు తేడాగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు గొణుగుతారు. నాలుగో రోజుకి అలవాటైపోతుంది.